అడుగుకు ఒక నూలు

మూడో రోజు కూడా కంచం నిండుగానే మెట్లెక్కి వచ్చింది.

రాగిముద్ద మీద వేలి గుర్తు కూడా లేదు. పప్పు మీద పొర కట్టింది. గీతాంజలి కంచాన్ని వంటగది గట్టు మీద పెట్టి, మూత తీసి చూసి, మళ్ళీ మూసింది. కుట్టుమిషను ముందు కూర్చున్న అత్త గౌరమ్మ తల తిప్పలేదు. మిషను మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది.

తిన్నాడా లేదా అని గౌరమ్మ అడగలేదు. సోమవారం నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

కింద అంగడి, పైన ఇల్లు. మధ్యలో పద్దెనిమిది మెట్లు. మెట్లు ఎక్కకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి, అంటే నాలుగు నెలలుగా, మామ బైరప్ప పడక కూడా అంగట్లోనే. అన్నం, కాఫీ గీతాంజలే కిందికి తీసుకుపోతుంది. ఈ మూడు రోజులూ కాఫీ గ్లాసు ఒక్కటే ఖాళీగా తిరిగి వచ్చింది.

మామ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చేది. ఏడిస్తే కొంచెం తేలికయ్యేది. తిట్టకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

కాల్చింది తనే మరి.

సోమవారం గౌరమ్మ తలస్నానం. ఇంట్లో గీజరు ఉన్నా, తలస్నానానికి మాత్రం వెనక పెరట్లో కట్టెల పొయ్యి మీది హండా నీళ్ళే కావాలంటుంది ఆమె. కట్టెలు అయిపోయాయని గీతాంజలి చెబితే, మెట్ల కింద గోనెసంచిలో పాత కట్టెలు ఉన్నాయి, అవి పెట్టమంది. గీతాంజలి పెట్టింది. ఒక్కొక్కటీ తీసి పొయ్యిలోకి తోసింది. గుండ్రంగా కొన్ని, చక్రాల్లా కొన్ని, ఎర్ర రంగు పూసినవి కొన్ని. మామూలు కట్టెల్లా గరుకుగా లేవు. చంటిపిల్ల బుగ్గల్లా నున్నగా ఉన్నాయి. చేతికి ఆ తేడా తెలిసింది. అయినా తోసింది.

మధ్యాహ్నం బైరప్ప సంచి కోసం మెట్ల కింద వెతికాడు. పెరట్లోకి వెళ్ళాడు. హండా కింద బూడిదను పుల్లతో కదిపితే చిన్న చిన్న ఇత్తడి గూటాలు, చెక్క సగాలను కలిపి పట్టే మేకుల్లాంటివి, బయటపడ్డాయి. వాటిని ఏరి, నీళ్ళలో కడిగి, పంచె కొంగుతో తుడిచి, బల్ల మీద వరసగా పెట్టుకున్నాడు. ఇరవై రెండు. పదకొండు అచ్చులకు రెండేసి.

అప్పుడు తెలిసింది ఆమెకు, అవి కట్టెలు కావని.

బైరప్ప అంగట్లో దొరికేవి పాత ట్రాక్టర్ల సామాన్లు. ముప్పై నలభై ఏళ్ళనాటి బండ్లు. వాటిని చేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. షోరూముకు పోతే ఈ బండికి సామాను రాదు, కొత్తది తీసుకో అంటారు. అప్పుడు రైతు విరిగిన ముక్కను తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి, కలాసిపాళ్యంలో దిగి, నడుచుకుంటూ ఈ సందుకు వస్తాడు. ముక్కను చూసి బైరప్ప టేకు చెక్కతో అచ్చు చేయిస్తాడు. ఆ అచ్చును తడి ఇసుకలో అదిమి తీసేస్తే, మిగిలిన గుంటలో ఫౌండ్రీవాళ్ళు కరిగిన ఇనుము పోస్తారు. దాన్నే పోత అంటారు. కొత్త సామాను పుడుతుంది.

అచ్చులకు నెంబర్లు లేవు. ఆ సామాను కోసం మొదట ఏ ఊరివాడు వచ్చాడో, ఆ ఊరి పేరు అచ్చు మీద చెక్కిస్తాడు బైరప్ప. అందుకే ఆ అంగట్లో ఎవరూ గేరు కావాలి, పుల్లీ కావాలి అనరు. ఒక పుంగనూరు కావాలంటారు. రెండు చింతామణి కావాలంటారు.

ముందు చక్రం మధ్యలో ఇరుసును పట్టే హబ్బు పేరు నంగిలి.

సోమవారం పొయ్యి దగ్గర ఎర్ర చెక్క మీద కన్నడంలో చెక్కిన నంగిలి అన్న అక్షరాలను గీతాంజలి చదివింది. ఆమె పుట్టిల్లు పలమనేరు పక్కన. పండగకు ఊరికి పోయే బస్సు నంగిలిలో ఆగుతుంది. అక్కడ దోసకాయ ముక్కలు అమ్ముతారు. అదంతా గుర్తొచ్చి ఒక్క క్షణం నవ్వుకుంది కూడా. నవ్వుకుంటూనే పొయ్యిలోకి తోసింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

ఆ బుధవారం సాయంత్రం గీతాంజలి భర్త మునిరాజు ఆఫీసు నుంచి వచ్చాడు. మారతహళ్ళి నుంచి రెండు బస్సులు మారి రావాలి. వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంటుంది. భార్య గట్టు మీది కంచం చూపించింది. అతను చెప్పులు విప్పకుండానే మెట్ల దగ్గరికి పోయి, కిందికి వినబడేలా మొదలుపెట్టాడు.

మూడు రోజులుగా అన్నం మానేస్తే కాలిన అచ్చులు తిరిగొస్తాయా అని అడిగాడు. అచ్చులు చెక్కే ఆచారి పోయి ఏడాదైంది, ఇంకెవరు చెక్కుతారన్నాడు. ఎవరి బండో ఆగిపోతే మనం ఎందుకు పస్తులుండాలన్నాడు. చివరికి, అంగడి మూసేసి అందరం మారతహళ్ళికి పోదాం, అక్కడ ఇళ్ళకు లిఫ్టు ఉంటుంది, మెట్ల బాధే ఉండదన్నాడు.

కమ్మీ మీదుగా కిందికి వంగాడు.

"వినిపిస్తా ఉండాదా నాయనా?"

 మునిరాజు తల్లి వైపు తిరిగాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎంతకీ ఎక్కడం లేదు.

అతను గీతాంజలి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఓదార్పుగానే అన్నాడు. "నువ్వు బాధపడొద్దు గీతా. తెలీక చేసినా ఒక రకంగా మంచి పనే చేసినావు. లేకుంటే ఆయన ఈ జన్మకు ఆ అంగడి వదిలే రకం కాదు."

తిట్టు కంటే ఆ మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. చేసింది తప్పని తెలిసినా భరించవచ్చు. చేసింది మంచే అంటే ఎలా?

గురువారం పొద్దున ఆమె కాఫీ ఇవ్వడానికి దిగినప్పుడు అంగట్లో ఫోను మోగుతోంది. బైరప్ప దానివైపే చూస్తున్నాడు కానీ తీయడం లేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. గీతాంజలి భయపడుతూనే తీసింది.

నంగిలి నుంచి పెద్దమునియప్ప. పోయిన వారం హబ్బు రెండు ముక్కలను తువ్వాలులో తెచ్చి ఇచ్చిపోయిన మనిషి. ఇరవై ఏళ్ళ కిందట మొదటిసారి ఆ సామాను కోసం వచ్చింది వాళ్ళ నాయనే. వానలు పడ్డాయి, పదును పోకముందే రాగి విత్తాలి, ట్రాక్టరు మాత్రం ముందు చక్రం లేకుండా రాళ్ళ మీద కూర్చుందని చెప్పాడు. బాడుగ బండ్లకు ఊరంతా వరస కట్టింది. ఇనుప సామాన్లు కొనే గుజరీవాడు రెండుసార్లు వచ్చి బండి చుట్టూ తిరిగి పోయాడు.

"శనివారం పోత ఉండాదని చెప్పినాడు మీ మామ. మంగళవారం నేను వస్తానమ్మా. సామాను ఉంటాది గదా? లేదంటే చెప్పేయ్. గుజరీకి వేసేస్తా. దాన్ని చూస్తా చూస్తా ఉండలేకున్నా."

గీతాంజలి మామ వైపు చూసింది. మామ బల్ల మీది ఇత్తడి గూటాల వైపు చూస్తున్నాడు.

"ఉంటాది పెద్దాయనా," అంది ఆమె. "మీరు మంగళవారం రండి."

ఫోను పెట్టేసింది. ఆ అంగడి తరఫున ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. అదీ లేనిదాన్ని ఉందని చెప్పడం. బైరప్ప తలెత్తి ఒకసారి చూశాడు. 

*

హబ్బు ముక్కలు రెండూ సంచిలో వేసుకుని బయలుదేరినప్పుడు అత్తకు చెప్పలేదు. బళేపేటలో చెక్కను లేతు మీద తిప్పి మంచం కోళ్ళు చేసే కొట్టు ఒకటి ఉందని ఆమెకు తెలుసు. పెళ్ళి గాజులు కొనడానికి వచ్చినప్పుడు ఆ పక్క నుంచే పోయారు.

కొట్టతను మొదట నవ్వాడు. చపాతీ కర్ర కావాలా, ఊయల కోళ్ళు కావాలా అని కన్నడంలో అడిగాడు. ఆమె ముక్కలు రెండూ కలిపి పట్టుకుని, అచ్చం ఇలాంటిదే, వెంట్రుకంత తేడా లేకుండా చెక్కతో కావాలంది. ఇనుముది చెక్కతో ఎందుకని అతను అడిగితే చెప్పడం ఆమెకు రాలేదు. మా మామకు కావాలంది. అతను భుజాలెగరేసి, పనిలోకి దిగాడు. రెండు గంటలు అక్కడే నిలబడింది. అతను కొలిచినప్పుడల్లా తను ఇంకోసారి కొలిపించింది. చివరికి విసుగొచ్చి, మీ మామ కూడా ఇన్నిసార్లు కొలిపించడేమో అన్నాడతను.

మధ్యాహ్నం అన్నం కంచంతో పాటు ఆ చెక్కను కూడా పట్టుకుని మెట్లు దిగింది. కంచం బల్ల మీద పెట్టింది. దాని పక్కన చెక్క. పక్కన ఇనుప ముక్కలు. గోడకు ఆనుకుని నిలబడింది.

బైరప్ప కంచాన్ని జరిపి చెక్కను తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ లాగాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

"చిన్నది," అన్నాడు.

మూడు రోజుల తర్వాత అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

"లేదు మామా, సరిగ్గా అంతే ఉండాది. నాలుగుసార్లు కొలిపించినా."

"అంతే ఉండాది. అందుకే చిన్నది." అతను ఇనుప ముక్కను ఆమె చేతికిచ్చాడు. "ఇది నీ చేతిలో చల్లగా ఉండాది గదా. పోసేటప్పుడు నిప్పు. చల్లారేటప్పుడు ముడుచుకుంటాది. అడుగుకు ఒక నూలు తగ్గుతాది."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. అందుకే అచ్చును ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. ఆ పైన లేతు మీద గీయడానికి కొంచెం వదలాలి. ఆ నూలు మరిచిపోతే హబ్బు వస్తుంది, చక్రానికి మాత్రం సరిపోదు. ఇదంతా అతను నెమ్మదిగా, చిన్నపిల్లకు లెక్కలు చెప్పినట్టు చెప్పాడు. చెప్పేటప్పుడు ముఖంలో కోపం లేదు. గీతాంజలికి అప్పుడే కళ్ళు నిండాయి.

"మామా, ఒకటి చెప్పాల. నంగిలి అని చదివినా నేను. పొయ్యిలో పెట్టేటప్పుడు."

"చదివినావా?"

"చదివినా. మా ఊరి బస్సు ఆడ ఆగుతాది. అయినా కట్టె అనుకున్నా."

బైరప్ప చెక్కను బల్ల మీద పెట్టాడు. "ఊరి పేరు ఉండే కట్టె యాడన్నా ఉంటాదా అమ్మాయ్?" అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత కంచం మూత తీసి, ముద్దలో ఒక చిన్న తునక తుంచి, పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె గోడకు ఆనుకునే ఉంది. కదిలితే అతను తినడం ఆపేస్తాడేమోనని.

నాలుగు తునకలు తిన్నాక, ఇది పనికిరాకుండా పోలేదన్నాడు. దీన్ని చూసి అదే కొట్టులో ఇంకోటి చేయించవచ్చు. కొలతలు మాత్రం ఆచారి స్కేలుతో వెయ్యాలి. అచ్చుల కోసం చేసిన ఉక్కు స్కేలు అది. దాని మీద అడుగు మామూలు అడుగు కంటే ఒక నూలు పెద్దది. దాంతో కొలిస్తే లెక్క వేయనక్కర్లేదు, అచ్చు తనంతట తనే పెద్దగా వస్తుంది.

"యాడ ఉండాది మామా?"

అతని మీసాల కింద ఏదో కదిలింది. "మీ అత్త మిషను సొరుగులో. ముప్పై ఏళ్ళ కిందట ఎత్తుకుపోయింది, రవికెలు గీసేదానికి. ఆచారి దగ్గర ఇంకోటి ఉండె, ఆయనతోనే పోయింది."

గీతాంజలికి ఒక్కసారిగా అర్థమైంది. గౌరమ్మ కుట్టిన రవికెలన్నీ వదులే. గౌరమ్మ రవిక వేసుకుంటే లోపల ఇంకో మనిషికి చోటుంటుందని వీధిలో ఆడవాళ్ళ పరాచకం. పెళ్ళిలో తనకు కుట్టిన ఆరు రవికెలను రహస్యంగా లోపలికి పట్టి కుట్టుకుంది తను.

"ఇన్నేళ్ళుగా చెప్పలేదా మామా?"

"బిర్రుగా ఉండాదని ఎవురన్నా వచ్చి కొట్లాడినారా?" అన్నాడతను. "పో, అడిగి తీసుకురా. రేపటికల్లా అచ్చు అయితే శనివారం పోతకు నేను పోతా. నేను నిలబడకుంటే వాళ్ళు ఆత్రంగా పోసేస్తారు. లోపల గాలి బుడగలు నిలుస్తాయి."

*

పైన మిషను ఆగి ఉంది. గౌరమ్మ ఒళ్ళో ఎవరిదో ఆకుపచ్చ రవిక. కింద మాట్లాడినదంతా విందని ముఖమే చెబుతోంది. కోడలి చేతిలో సగం ఖాళీ అయిన కంచం వైపు చూసింది. కళ్ళు ఒక్క క్షణం మెత్తబడ్డాయి.

"స్కేలు అడిగినారు అత్తా."

గౌరమ్మ సొరుగు లాగింది. గుండీలు, దారాలు, సుద్దముక్కల కింద నుంచి ఉక్కు స్కేలు తీసింది. ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచింది.

"నాలుగు నెలల కింద నువ్వు మీ పుట్టింట్లో ఉండావు. చూళ్ళేదు," అంది. "పోతకాడ పడిపోతే ఆటోలో ఏసుకొచ్చినారు. ఒక కాలికే చెప్పు ఉండె. చొక్కా అంతా మసి. ఆ ఇంకో చెప్పు యాడ పోయిందో అని అడుగుతా ఉండా నేను, పిచ్చిదాన్ని. మనిషి పోతా ఉంటే చెప్పు అడుగుతా ఉండా."

గీతాంజలి కింద కూర్చుంది.

"గుండెలో గొట్టం ఏసినారు. పొగకు పోవద్దు, వేడికి పోవద్దు అన్నాడు డాక్టరు. సరే సరే అని తలూపినాడు. ఇంటికొచ్చి మొదట అడిగింది ఏంది తెలుసా? అచ్చుల సంచి యాడుందని."

వీధిలో తోపుడు బండి ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. 

"అవి కట్టెలని నేను అనుకోలేదు గీతా."

గీతాంజలి తలెత్తింది.

"ముప్పై ఏళ్ళు ఆయనతో ఉండా. అచ్చేదో కట్టేదో నాకు తెలీదా? ముందు నేనే పెడదామని సంచి విప్పినా. మొదటి దాని మీద మా అన్న ఊరి పేరు ఉండె. చెయ్యి రాలేదు. మళ్ళీ మూతి కట్టేసినా. తర్వాత నువ్వు కట్టెల్లేవంటివి." ఆమె స్కేలు వైపు చూసింది. "నా చేత్తో చెయ్యలేనిది నీ చేత చేయించినా. కాల్చింది ఒక తప్పు. ఇది దానికంటే పెద్ద తప్పు. అన్నం మానేసి ఆయన నిన్ను చూస్తా ఉంటే నోరు మూసుకుని కూచున్నా."

కోపం రావాలి. వచ్చింది కూడా. మూడు రాత్రులు నిద్ర లేకుండా ఏడుపు మింగుకుంది తను. కానీ గౌరమ్మ చేతుల కింద స్కేలు సన్నగా వణుకుతూ గుండీల డబ్బాకు తగిలి టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు విని గీతాంజలి డబ్బాను పక్కకు జరిపింది.

"ఇది ఇస్తే శనివారం మళ్ళీ ఆడ నిలబడతాడు," అంది గౌరమ్మ. "ఇవ్వకుంటే నంగిలాయన బండి గుజరీకి పోతాది. ఈయన అన్నం మళ్ళీ ఆగిపోతాది. ఏం చేసేది? నువ్వే చెప్పు. నాకు తెలీడం లేదు."

కింద నుంచి బైరప్ప కేక. "స్కేలు దొరికిందా అమ్మాయ్?"

గౌరమ్మ కోడలి మొహంలోకి చూసింది. "దొరకలేదని చెప్పు," అంది గుసగుసగా. "ఒక్క మాట. పొద్దున ఫోన్లో చెప్పినావు గదా, లేనిదాన్ని ఉండాదని. అట్లనే ఉండేదాన్ని లేదని చెప్పు."

గీతాంజలి చెయ్యి చాపింది. గౌరమ్మ వేళ్ళు కాసేపు పట్టి, తర్వాత వదిలాయి. స్కేలు చల్లగా ఉంది. ఆమె లేచి మెట్ల దగ్గరికి నడిచింది. పెళ్ళయి ఎనిమిది నెలలు. కిందికి వినబడేంత గట్టిగా ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఇనుప కమ్మీ పట్టుకుంది.

"దొరికింది మామా."

"తీసుకురా మరి."

"తెస్తా. అయితే శనివారం పోతకాడికి మీరు రావద్దు. నేను పోతా. యాడ నిలబడాలో, ఏం చూడాలో, ఎప్పుడు ఆపమనాలో అంతా చెప్పండి. నేర్చుకుంటా." ఊపిరి తీసుకుంది. "సరే అంటేనే తెస్తా. లేకుంటే ఇది మా దగ్గరే ఉంటాది."

మా దగ్గర అని ఎలా అందో ఆమెకే తెలియలేదు. వెనక గౌరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

  కింద ఫ్యాను తిరుగుతున్న శబ్దం పైకి వినిపిస్తోంది. తర్వాత కుర్చీ నేల మీద కీచుమని జరిగింది. దగ్గు. చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు, మెట్ల వైపు.

గీతాంజలి చేతి కింద ఇనుప కమ్మీ అదిరింది. అటు చివర ఎవరో పట్టుకున్నారు.

"ఎక్కొద్దని చెప్పు గీతా," అంది గౌరమ్మ లేచి నిలబడి. "పద్దెనిమిది ఉండాయి. వద్దని చెప్పు."

గీతాంజలి స్కేలును గుండెకు అదుముకుంది.

మొదటి మెట్టు మీద అడుగు పడింది. కాసేపు ఆగింది. రెండో మెట్టు మీద పడింది.